హైమవతి వయసు

జోగమ్మ కూతురు హైమవతికి పదిహేనేళ్ళు. ఆ సంగతి జోగమ్మకు తెలుసు, కన్నది కాబట్టి. హైమవతికీ తెలుసు, తల్లి చెప్పింది కాబట్టి. మునిసిపాలిటీ వారూ, స్కూలు వారూ, రైల్వే వర్క్‌షాపులో పాసులు రాసే సెక్షను వారూ మాత్రం ఆ పిల్లకు పద్దెనిమిది నిండి పది నెలలయిందని నమ్ముతున్నారు. ఊరికే నమ్మడం కాదు, ముద్ర వేసి మరీ నమ్ముతున్నారు.

ఇన్నాళ్ళూ దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. తొంభై ఒకటో సంవత్సరం నవంబరులో డ్రిల్లు టీచరు ఆలిస్ ఒక ఫారం పట్టుకుని పూరీ గేట్ దగ్గర వాళ్ళ క్వార్టరుకు వచ్చింది. మేదినీపూర్‌లో పదహారేళ్ళ లోపు ఆడపిల్లలకు పరుగు పందాలు. ఎనిమిది వందల మీటర్లలో మొదట వచ్చిన ఇద్దరిని స్పోర్ట్స్ హాస్టల్‌కి తీసుకుంటారు. తిండి, చదువు, కోచ్, తర్వాత ఎక్కడో ఒకచోట ఉద్యోగం, అన్నీ వాళ్ళవే. పదహారు దాటితే మటుకు తీసుకోరు. హైమవతి పరుగును ఆలిస్ టీచరు రెండేళ్ళుగా చూస్తోంది. చేతిలో గడియారం నొక్కి, అంకె చూసి, గడియారం చెడిపోయిందేమోనని రెండుసార్లు మరమ్మతుకు కూడా ఇచ్చింది.

"పుట్టిన తేదీ కాగితం ఒకటి ఇవ్వండి జోగమ్మగారూ, చాలు," అంది.

జోగమ్మ ట్రంకుపెట్టె తెరవకుండా, పెట్టె మీదే కూర్చుండిపోయింది.

జరిగిందేమిటంటే, ఈ హైమవతి కంటే ముందు ఇంకో హైమవతి ఉండేది. డెబ్భై మూడు జనవరిలో ఆస్పత్రిలో పుట్టింది, కాబట్టి దానికి కాగితముంది. రెండున్నరేళ్ళకు తట్టు పోసి పోయింది. ఏడాది తిరక్కుండా పలాస దగ్గర పుట్టింట్లో జోగమ్మకు మళ్ళీ ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికొచ్చిన అత్తగారు బిడ్డ కుడిచెవి వెనక మచ్చ చూసి, అదే తిరిగొచ్చిందని తేల్చేసింది. పోయిన పిల్లకూ అక్కడే మచ్చ ఉండేది. తిరిగొచ్చిన పిల్లకు కొత్త పేరు పెడితే అలిగి మళ్ళీ వెళ్ళిపోతుందని వాళ్ళ వైపు నమ్మకం. అందుకని పాత పేరే పెట్టారు. జోగమ్మ మొగుడు తవిటయ్యకు అదే సబబుగా తోచింది. తిరిగొచ్చిన మనిషికి చావు రాయించడమేమిటి, మళ్ళీ పుట్టుక రాయించడమేమిటి? స్కూల్లో వేసేటప్పుడు ఇంట్లో ఉన్న కాగితమే తీసుకెళ్ళాడు. తొమ్మిదేళ్ళ పిల్ల ఇంతేనా అని పెద్ద టీచరు అడిగితే, సరిగా అన్నం తినదని చెప్పాడు.

జోగమ్మ మొదటి పిల్ల కోసం పెద్దగా ఏడవలేదు. తిరిగొచ్చాక ఏడుపెందుకని అత్తగారు ఊరుకోబెట్టింది. కోడలి కళ్ళనీళ్ళు తుడవడంలో ఆవిడ చూపిన చొరవ అదొక్కటే.

ఆలిస్ టీచరు ఇదంతా విని, నిజం చెప్పి దిద్దించుకుందాం పదండి అంది. ఇద్దరూ మునిసిపాలిటీకి వెళ్ళారు. అక్కడ గుమాస్తా ఫారం మీద పరుగుపందెం అన్న మాట చూడగానే నవ్వాడు. ఆటల కాలం వచ్చిందంటే చాలు, ఊళ్ళో ఆడపిల్లలందరికీ వయసు తగ్గిపోతుందనీ, క్రితం వారం ఒకామెకు ఏకంగా ఆరేళ్ళు తగ్గబోయాయనీ చెప్పాడు. అయినా కాగితం ముందేసుకున్నాడు.

"చనిపోయిన పిల్ల పేరేమిటి దీదీ?"

"హైమవతి."

"బతికున్న పిల్ల పేరు?"

"హైమవతే."

అతను కలం మూత పెట్టేశాడు. ఈసారి ఎగతాళి చేయలేదు. మొదటి పిల్ల చనిపోయినట్టు తండ్రి అఫిడవిట్ వేస్తే, విచారణ జరిగి, ఆ తర్వాత రెండో పిల్ల పుట్టినట్టు రాసుకుంటామన్నాడు. రిజిస్టరు ప్రకారం ఆ పిల్ల ఇంకా చనిపోలేదు. ముందు అది చావాలి.

జోగమ్మ ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. తవిటయ్య వర్క్‌షాపులో ఫిట్టరు, మాట తక్కువ మనిషి. ఆ రోజు మాత్రం మాట్లాడాడు.

"సచ్చిన పిల్ల పేరున పదిహేనేళ్ళు పాసు రాయించినాను. ఆ పాసు మీద పలాస ఎల్లొచ్చిందెవురని అడిగితే ఏటి సెప్పమంటావ్?"

"నిజం సెప్పు."

"నిజం సెప్తే నా కాయితాలన్నీ తీస్తారే."

అసలు భయం అదే. కొలువులో చేరేటప్పుడు తవిటయ్య తన వయసు నాలుగేళ్ళు తగ్గించి రాయించుకున్నాడు. నాలుగేళ్ళ జీతం ఎక్కువ వస్తుందని ఆ బ్యాచ్‌లో సగం మంది చేసిన పనే. నిజానికి తండ్రికీ కూతురికీ ముప్పై ఏళ్ళ తేడా, కాగితాల్లో ఇరవై మూడు. ఇంకో రెండు దరఖాస్తులు పెట్టుకుని ఉంటే తండ్రీ కూతుళ్ళు ఒకే క్లాసులో చదువుకునేవారు.

"ఛార్జిషీటిస్తారు. కొలువు పోద్ది, కోటరు పోద్ది," అన్నాడు. మళ్ళీ, "ఐనా దాన్ని నా సేత్తో సంపమంటావేటే? మా అమ్మ అదే ఇదన్నాది," అన్నాడు.

వంటింట్లో హైమవతి చపాతీలు ఒత్తుతోంది. కర్ర చప్పుడు ఆగిపోయింది. తనకంటే ముందు ఒకతె ఉండేదని ఆ పిల్ల వినడం అదే మొదలు.

మర్నాడు జోగమ్మ ఎవరికీ చెప్పకుండా ఝపటాపూర్‌లో ఒక టైపు దుకాణానికి వెళ్ళింది. ఆ వెనక గదిలో ఏ తేదీ కావాలంటే ఆ తేదీకి పుట్టిస్తారని అందరికీ తెలుసు. ఎన్నేళ్ళు తగ్గించాలని అడిగాడతను. తగ్గించొద్దు, ఉన్నదే వెయ్యమంది జోగమ్మ. వచ్చిన బేరం అర్థం కాక అతను రెండుసార్లు అడిగాడు. పందొమ్మిది వందల డెబ్భై ఆరు, జూన్ పద్నాలుగు. ఆ పిల్ల పుట్టిన రోజు ఒక కాగితం మీదకు ఎక్కడం అదే మొదటిసారి.

ఆలిస్ టీచరు ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసింది. ముద్ర మీద సిరా ఇంకా మెరుస్తోంది.

"ఎనిమిదేళ్ళుగా ఇటువంటి దొంగ కాగితాలు ఆపమని అర్జీలు పెడుతున్నదాన్ని. దీన్ని నేనెలా ఇవ్వను?"

"ఇందల రాసింది నిజమే కదా టీచరమ్మా."

"నిజమే. కాగితం దొంగది."

"మరి నిజమైన కాయితంలో ఉన్నది అబద్దం కదమ్మా. దానికి అందరూ దండం ఎట్టినారు."

ఆలిస్ టీచరు కాగితాన్ని మడిచి జోగమ్మ చేతిలో పెట్టి, ఆ చేతిని చాలాసేపు వదల్లేదు. తప్పంతా తనదేనన్నట్టు కళ్ళు దించుకుంది. ఊళ్ళో ఒక్క మనిషి నీతిగా ఉందనుకుంటే ఆ నీతి జోగమ్మ కూతురి మీదే పడింది.

మేదినీపూర్‌లో హైమవతిని ఇరవయ్యేళ్ళ లోపు వాళ్ళతో పరిగెత్తించారు. దంతాలో ఎముకలో చూసి వయసు చెప్పే డాక్టరుంటాడు కదా, చూడమని ఆలిస్ టీచరు బతిమాలింది. వయసు తగ్గించారని అనుమానముంటేనే పరీక్ష, ఎక్కువున్న వాళ్ళకు పరీక్ష చేయమని ఏ సర్క్యులర్లోనూ లేదని బల్ల దగ్గర పెద్దమనిషి మర్యాదగానే చెప్పాడు. హైమవతి ఐదోదిగా వచ్చింది. ముందున్న నలుగురూ తొడలు తిరిగిన పెద్దపిల్లలు. దూరంగా నిలబడి చూస్తే వాళ్ళ మధ్య ఈ పిల్ల ఎవరిదో తప్పిపోయిన బిడ్డలా ఉంది.

తర్వాత పదహారేళ్ళ లోపు వాళ్ళ పందెం. గెలిచినామె గీత దాటి వచ్చి జోగమ్మ పక్కనే కూలబడింది. జోగమ్మ తన సీసాలో నీళ్ళిచ్చింది. ఆమె తల వంచి తాగుతుంటే పాపిట్లో కడిగినా పోని సిందూరం ఎరుపు కనబడింది. చేతికి గాజులు తీసిన చోట చర్మం తెల్లగా ఉంది. జోగమ్మకు కోపం రాలేదు. ఈమెకూ ఇంటి దగ్గర ఏదో అవసరం ఉండే ఉంటుందనిపించింది. ఆలిస్ టీచరు గడియారం చూపించింది. ఐదోదిగా వచ్చిన హైమవతి, ఈ గెలిచినామె కంటే ఏడు సెకన్లు ముందుంది.

తిరుగు బండిలో కంసావతి నది వంతెన దాటుతుండగా హైమవతి అడిగింది.

"అది పోయినప్పుడు నువ్వు ఏడిసినావా అమ్మా?"

"నేదు. నువ్వొచ్చీసినావు కదా."

"నానొచ్చినాననా, అది వొచ్చినాదనా?"

జోగమ్మ కిటికీలోంచి ఇసుకను చూస్తూ కూర్చుంది. హైమవతి స్టేషన్లో దిగి, బూట్లు ఆలిస్ టీచరుకు తిరిగిచ్చేసింది. అవి ఆవిడ కొనిచ్చినవే. ఉంచుకోమంటే, వద్దు, కాలికి చిన్నవవుతున్నాయంది.

మర్నాడు తెల్లవారుజామున అలవాటు కొద్దీ జోగమ్మ స్టవ్వు వెలిగించి, పాలు కాచి, కూతుర్ని లేపబోయింది. రెండేళ్ళుగా ఆ వేళకు పరుగుకని పిలవకముందే లేచి కూర్చునే పిల్ల. ఇవాళ గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకునుంది.

"హైమా."

జోగమ్మ భుజం మీద చెయ్యి వేసింది. భుజం మేలుకునే ఉంది.

"హైమా, లెగమ్మా. ఎల్లకపోతే పోనీలే, పాలు తాగు."

"నన్ను కాదు," అంది దుప్పటిలోంచి. "దాన్ని లేపుకో."

జోగమ్మ చెయ్యి తీసేసి, మంచం పక్కనే నిలబడింది. బిడ్డ తనదే, తన కడుపున పుట్టిందే. ఇంకోలా పిలిస్తే లేస్తుందేమో. పిలుద్దామని నోరు తెరిచింది కానీ, ఆవిడ దగ్గర ఇంకో పేరు లేదు.