చెక్క బొటనవేలు

వెన్న చల్లగా ఉండాలి, ఫిట్టర్ చేతులేమో ఎప్పుడూ వేడిగా ఉంటాయి. అందుకని ఆయన కుళాయి కింద చేతులు పెట్టి, వేళ్ళు కొంకర్లు పోయేదాకా ఉంచి, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు మైదా గిన్నె దగ్గరికి వచ్చాడు. వెన్న ముక్కల్ని వేళ్ళ కొసలతో నలుపుతుంటే పిండి రవ్వలా పొడిపొడిగా రాలింది. చల్లటి నీళ్ళు చిలకరించి, ముద్ద చేసి, గుడ్డ కప్పి ఫ్రిజ్‌లో పెట్టాడు.

వంటింటి కిటికీకి తెర వేసే ఉంది. బయట ఎండ ఎంత కాసినా ఆయన ఆ తెర తియ్యడు. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేసేవాళ్ళకి తన నడుముకి కట్టిన పువ్వుల ఏప్రన్ కనబడుతుందని భయం. తెర వేస్తే లోపల ఉక్క, ఉక్కకి వెన్న మెత్తబడుతుంది, వెన్న మెత్తబడితే మళ్ళీ ఫ్రిజ్ దగ్గరికి పరుగు. పని రెట్టింపైనా సరే, తెర మాత్రం కదలదు. పరువంటే ఆయనకి అంత ప్రాణం మరి.

ఆయన పనిచేసిన వర్క్‌షాపు మూతపడి చాలా ఏళ్ళయింది. మిషన్లు తుక్కు కింద పోయాయి, షెడ్డు గోడౌన్ అయింది, వీధిలో ఆయన మాత్రం ఇంకా ఫిట్టరే. ఇప్పుడేం చేస్తున్నారని ఎవరైనా అడిగితే, "ఏముంది, మా ఆవిడ పార్టీలకి ఫలహారాలు చేసిపెడుతుంది, నేను మోసుకెళ్ళి ఇచ్చొస్తాను," అంటాడు. మొదట్లో అది నిజమే.

ఆవిడ పెళ్ళికి ముందు ఒక పెద్ద బేకరీలో పనిచేసి నేర్చుకున్న విద్య అది. ఫ్రాన్సు వాళ్ళ తిండి, కీష్ అంటారు. తీపి లేని టార్టు. వెన్న పిండితో చేసిన చిన్న గిన్నెలో వేయించిన ఉల్లిపాయో పుట్టగొడుగో వేసి, గుడ్డు, మీగడ గిలక్కొట్టి పోసి, పైన చీజ్ తురిమి ఓవెన్‌లో పెడతారు. ఆవిడ వాటిని రెండు కొరుకుల్లో అయిపోయేంత చిన్నగా చేసేది. వీధిలో ఎవరికీ ఆ ఫ్రెంచి పేరుకి నోరు తిరగలేదు. బుల్లి గిన్నెలు అన్నారు, అదే నిలిచిపోయింది.

తర్వాత ఆవిడ వేళ్ళకి కీళ్ళవాతం వచ్చింది. కణుపులు వాచి, వేళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఒరిగిపోయాయి. "నయమయ్యేదాకా నేను కానిస్తాలే," అని ఆయన ఏప్రన్ కట్టుకున్నాడు. వేళ్ళూ నయం కాలేదు, ఆయన ఏప్రన్ విప్పనూ లేదు. ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, వాసన చూసి ఓవెన్ తగ్గించమనేది, చుక్క నాలిక మీద వేసుకుని ఉప్పు సరిపోలేదనేది. అలా అలా ఆయన చేతికి పని పట్టుబడింది. ఈ మధ్య ఆవిడ దిద్దాల్సింది ఏమీ ఉండటం లేదు.

ఒక్క చిక్కు మాత్రం మొదట్లోనే వచ్చింది. పిండి బిళ్ళని రేకుపళ్ళెంలోని గుంటలో పెట్టి బొటనవేలితో అంచుల దాకా నొక్కాలి. ఆవిడ వేలు సన్నం, ఈయనది గుండ్రాయిలా ఉంటుంది. "ఈసారి గిన్నెలు మొద్దుగా ఉన్నాయే, ఎవరైనా మొగవాళ్ళు చెయ్యి వేశారా?" అని ఎవరో ఇల్లాలు నవ్వుతూ అడిగింది. ఆ నవ్వుకి ఆయన ఒళ్ళంతా చెమట పట్టింది. ఇంటికొచ్చి, ఆవిడ బొటనవేలికి దారం చుట్టి కొలత తీసుకుని, గట్టి చెక్క ముక్కని ఆకురాయితో అరగదీసి, గోరు వంపుతో సహా ఒక వేలు తయారుచేశాడు. చెక్కకి వేడి ఉండదు, వెన్న కరగదు, అందుకే చేశానని భార్యకి చెప్పాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బావుంది, నాకంటే ఇదే చక్కగా ఉంది," అంది.

ఇవాళ ఆ చెక్క వేలుతోనే ఒక్కొక్క గుంటా నొక్కుతున్నాడు. ఫోర్‌మన్ గారి పుట్టినరోజు. వర్క్‌షాపు పాతవాళ్ళందర్నీ పిలిచారు. బుల్లి గిన్నెలు కావాలని ఆయన కోడలు ఫోన్ చేసింది.

"ఇవాళైనా చెప్పండి," అంది ఆవిడ కుర్చీలోంచి.

ఆయన వినపడనట్టు ఫోర్కు తీసుకుని, పిండి ఉబ్బకుండా అడుగున పొడుస్తున్నాడు.

"మిమ్మల్నే. ఆ అమ్మాయి నిన్న ఫోన్లో ఎంత పొగిడిందనుకున్నారు! నా చేతులకి దండం పెట్టాలిట. ఈ చేతులకి!" ఆవిడ వేళ్ళు వంకరపోయిన చేతులు రెండూ ఎత్తి చూపించింది. "మీ కష్టానికి నేను మెప్పులు తింటున్నాను. అరగడం లేదండీ."

"సోడా తాగు, అరుగుతుంది."

"నవ్వులాట కాదు. రేపు నేను పోతే వీళ్ళేమంటారు? ఆ చెయ్యి పోయింది, ఇంకెవరు చేస్తారు అంటారు. అప్పుడు చేతిలో ఇంత విద్య పెట్టుకుని గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారా?"

"పొద్దున్నే ఆ మాటలేంటి?"

"డాక్టరు నా గుండె గురించి చెప్పింది మీరూ విన్నారుగా." ఆవిడ కాసేపు ఊపిరి తీసుకుంది. "మీ వాళ్ళంతా అక్కడే ఉంటారు. ఒక్కసారి నోరు తెరిస్తే చాలు. నాకోసం."

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడ తనకోసం ఏదీ అడిగిన మనిషి కాదు. ఆయన చేతిలో ఫోర్కు ఆగింది.

"సరే. చెప్తాను."

"తప్పకుండా?"

"చెప్తానన్నానుగా!"

ఆ కంగారు తగ్గకే, కాసేపటికి ఓవెన్‌లోంచి రేకు తీస్తుంటే మణికట్టు పైచువ్వకి చురుక్కున తగిలింది. పాత వాతల పక్కన ఎర్రగా ఇంకొకటి తేలింది. ఆయన పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు. ఎండాకాలమైనా ఆయనకి పొడుగు చేతుల చొక్కాలే.

ఆయన భయానికి ఒక కారణం ఉంది. వర్క్‌షాపులో ఒక వెల్డర్ ఉండేవాడు. భార్య పోయాక తన భోజనం తనే వండుకుని తెచ్చుకునేవాడు. ఒకరోజు క్యారేజీ విప్పి అందరికీ తలో ముద్దా పెడుతుంటే, "ఏం వండారు వదినగారూ?" అన్నాడొకడు. షెడ్డంతా గొల్లుమంది. అంతే, ఆ వెల్డర్ పదవీ విరమణ దాకా వదినగారే. జీతాల రోజున గుమాస్తా కూడా అలాగే పిలిచేవాడు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు మరెవరో కాదు, ఈ ఫిట్టరే. ఆ రోజు తన మాటకి అంతమంది నవ్వారని ఆయన వారం రోజులు మురిసిపోయాడు.

బస్సులో అట్టపెట్టెలు ఒళ్ళో పెట్టుకుని చెప్పాల్సిన మాట కూడబలుక్కున్నాడు. "ఇవి మా ఆవిడ చెయ్యలేదు, నేనే చేశాను." ఇంతే కదా. ఎప్పుడూ పెరటి గుమ్మంలోంచి ఇచ్చి వచ్చేసేవాడు, ఈరోజు ముందు గుమ్మానికి వెళ్ళాడు.

"రండి రండి బాబాయిగారూ! పిన్నిగారు రాలేదా?" ఫోర్‌మన్ గారి కోడలు ఎదురొచ్చి పెట్టెలు అందుకుంది.

"ఒంట్లో బాగుండలేదమ్మా."

హాల్లో పాతవాళ్ళంతా ఉన్నారు. జుట్టు పోయినవాళ్ళు, పొట్ట వచ్చినవాళ్ళు. మధ్యలో ఫోర్‌మన్ గారు. చెవులు సరిగా వినపడక అందరితోనూ అరిచి మాట్లాడుతున్నారు. "ఏమోయ్ ఫిట్టర్! నీది రాసిపెట్టిన అదృష్టమోయ్. మేము పండక్కో పబ్బానికో తినేది నువ్వు రోజూ తింటున్నావు!"

అందరూ పెట్టెల మీద పడ్డారు. ఆ సందట్లో వెల్డర్ మంచినీళ్ళ గ్లాసులు పళ్ళెంలో పట్టుకుని వంటింట్లోంచి వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే ఎక్కడైనా పని అందుకునే మనిషి.

"అయ్యో వదినగారూ, ఇక్కడ కూడా తమరిదేనా చాకిరీ?" అని ఒకడు అరిచాడు. అందరూ నవ్వారు. వెల్డర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎంత పాతదో, ఎంత అరిగిపోయిందో ఫిట్టర్‌కి మొదటిసారి కనబడింది.

ఇప్పుడే చెప్పాలి అనుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అసలు ఇవి..."

"ఏంటీ?" అని ఫోర్‌మన్ గారు అరిచారు. గది నిశ్శబ్దమైపోయింది. అన్ని ముఖాలూ ఇటు తిరిగాయి, నోళ్ళు నములుతూనే ఉన్నాయి.

"అసలు ఇవి వేడి మీద తింటేనే రుచి," అన్నాడు ఫిట్టర్.

"ఆవిడ చెయ్యి పడితే చల్లారినా రుచేనోయ్!" అన్నారు ఫోర్‌మన్ గారు. మళ్ళీ మాటలు కలిశాయి.

వెల్డర్ ఒక బుల్లి గిన్నె తీసుకుని కొద్దిగా కొరికి, వెనక్కి తిప్పి అడుగు ఎలా కాలిందో చూశాడు. వండేవాళ్ళు తప్ప అడుగు ఎవరూ చూడరు. తర్వాత ఫిట్టర్ చేతి వైపు చూశాడు. పెట్టెలు మోసిన చేతికి చొక్కా గుండీ ఊడి, మణికట్టు మీద వాతలన్నీ వరసగా కనబడుతున్నాయి.

"కాలిందా?"

"అబ్బే, బస్సులో ఏదో గీరుకుంది." గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"ఓహో," అన్నాడు వెల్డర్. గొంతు తగ్గించి, "చన్నీళ్ళ కింద పెట్టు. వెన్న మాత్రం రాయకు, మంట ఎక్కువవుతుంది," అని గ్లాసుల పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు.

వదినగారూ అని వెల్డర్ ఒక్క కేక వేసినా సరిపోయేది. ఫిట్టర్ పెట్టిన పేరుని ఫిట్టర్ మీదికే విసరడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. విసరలేదు. కప్పిపెట్టాడు. ఫిట్టర్‌కి తల తీసేసినట్టయింది. కేకు కొయ్యకముందే పనుందని చెప్పి వచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ అదే కుర్చీలో ఉంది. పొద్దు ఇంకా వాలలేదు.

"చెప్పారా?"

దారంతా ఆయన ఈ ప్రశ్నకే భయపడ్డాడు. ఆవిడ ముఖం చూశాడు. పెదవులు నీలంగా ఉన్నాయి, కళ్ళు మాత్రం చిన్నపిల్ల కళ్ళలా ఎదురుచూస్తున్నాయి.

"చెప్పాను."

"నవ్వారా?"

"లేదు. ఎవరూ నవ్వలేదు."

"నే చెప్పలేదూ! మీరే ఊరికే... ఫోర్‌మన్ గారేమన్నారు?"

"లేచి వచ్చి చెయ్యి కలిపారు." అబద్ధం మొదలెట్టడమే కష్టం, తర్వాత దాని కాళ్ళ మీద అదే నడుస్తుంది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేంటోయ్ అన్నారు. ఆయన కోడలైతే నమ్మలేదు."

"మరి ఆ వెల్డర్ గారు?"

"ఆయనకి ముందే తెలిసిపోయినట్టుంది."

ఆవిడ తృప్తిగా వెనక్కి వాలింది. పొద్దున అంచు విరిగిందని పక్కన పెట్టిన బుల్లి గిన్నె ఒకటి పళ్ళెంలో ఉంటే తెచ్చి ఇచ్చాడు. కొంచెం కొరికి, "ఉప్పు సరిపోయింది," అంది. తర్వాత, "అయితే ఇంక ఆ తెర తీసెయ్యండి," అంది.

ఆయన నిలబడిపోయాడు.

"ఇంకెవరికండీ దాచడం? తియ్యండి, కాస్త గాలి రానివ్వండి."

వెళ్ళి తెర లాగాడు. ఇన్నేళ్ళలో ఆ వంటింట్లోకి అంత వెలుతురు రావడం అదే మొదటిసారి. గోడల జిడ్డు, ఓవెన్ మసి, గట్టు మీది మైదా అన్నీ బయటపడ్డాయి. ఎదురింటి మేడ మీద ఒకామె దుప్పటి దులుపుతూ ఇటే చూసింది. ఆయన ఏప్రన్ కట్టుకుని, ఆ వెలుతురులోనే నిలబడి రేకులు తోమాడు. భార్య చూస్తోందని తోమాడు. వీపు మీద ఆవిడ చూపు వెచ్చగా తగులుతున్నట్టే ఉంది. తోమడం అయ్యాక, "చాలా, గాలి?" అని తిరిగి చూశాడు.

ఆవిడ తల ఒక పక్కకి వాలి ఉంది. కొరికిన బుల్లి గిన్నె ఒళ్ళో పడి ఉంది.

పరామర్శకి అందరూ వచ్చారు. ఫోర్‌మన్ గారు గట్టిగా మాట్లాడటం మానేసి ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నారు. కోడలు కళ్ళు తుడుచుకుంటూ, "మొన్నటివి మరీ బావున్నాయి బాబాయిగారూ. ఆ చేతి రుచి పిన్నిగారితోనే పోయింది," అంది.

గోడకి ఆనుకుని నిలబడ్డ వెల్డర్ తలెత్తాడు. ఫిట్టర్ ఆయన్ని చూశాడు, నోరు తెరిచాడు.

"అవునమ్మా. తనతోనే పోయింది," అన్నాడు.

అందరూ వెళ్ళాక వెల్డర్ ఉండిపోయాడు. చెప్పకుండానే వంటింట్లోకి వెళ్ళి కాఫీ కప్పులు కడిగాడు. కిటికీ గట్టు మీద కనబడ్డ చెక్క వేలుని తీసి, వెలుతురులో పెట్టి, తన బొటనవేలి పక్కన పెట్టుకుని చూశాడు. గుమ్మంలో ఉన్న ఫిట్టర్ వైపు తిరిగాడు.

"ఆవిడ కొలతా?"

"ఊఁ."

"ఆ రోజు నువ్వు చెప్పలేదని ఆవిడకి తెలుసా?"

"చెప్పానని చెప్పాను."

వెల్డర్ పోనీలే అనలేదు. అంటాడేమోనని ఫిట్టర్ ఎదురుచూశాడు.

"నీకు ఆ పేరు పెట్టింది నేనే," అన్నాడు ఫిట్టర్.

"తెలుసు," అన్నాడు వెల్డర్. చెక్క వేలుని తీసిన చోటే పెట్టేసి, చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆ ఇంటికి బుల్లి గిన్నెల కోసం ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఆవిడ చెప్పినట్టే జరిగింది. ఫిట్టర్ సాయంత్రాలు వంటింట్లోకి వచ్చి తెర మూద్దామని దాన్ని పట్టుకుంటాడు, మూయలేక వదిలేస్తాడు. వాలుతున్న ఎండ కిటికీ గట్టు మీద పడుతుంది. అక్కడ సన్నటి చెక్క వేలు నిలబడి ఉంటుంది, గోరు వంపులో ఎండిన మైదా ఇంకా తెల్లగానే ఉంటుంది.