గురుబరపల్లి దగ్గర ఆగే బండి

మునిలక్ష్మమ్మకి మొగుడి మీద ఎక్కువ ప్రేమా, ఆ పాత పికప్ బండి మీద ఎక్కువ ప్రేమా అన్నది వేప్పనపల్లి పక్కన ఆమె ఊళ్లో ఎవరూ తేల్చలేకపోయారు. మొగుడు కేశవప్పకి జ్వరం వస్తే మిరియాల కషాయం చేతికిచ్చి తన పని చూసుకునే మనిషి, శుక్రవారం బండికి పూజ చేయనిదే మెతుకు ముట్టదు. పద్నాలుగేళ్లుగా రైతుల పంట హోసూరు మార్కెట్టుకి మోస్తూ ఇంటికి కూడు పెడుతున్నది అదే మరి. తలుపులకి, అద్దానికి, చక్రాలకి పసుపు రాసి కుంకుమ పెట్టేది. మొన్నటి ఆయుధపూజ నుంచి డీజిల్ ట్యాంకు మూతని కూడా వదలలేదు.

అలాంటి బండి దీపావళి దాటాక మొండికేసింది. ఊళ్లో పెళ్లికొడుకులా బయలుదేరేది. గురుబరపల్లి దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. ఓ పావుగంట తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్లీ కదిలేది. కృష్ణగిరిలో ఒకాయన ఫిల్టరు మార్చాడు. హోసూరులో ఇంకొకాయన పంపు విప్పి బిగించాడు. పైపులు కూడా కొత్తవి వేయించారు. బండి బుద్ధి మాత్రం మారలేదు. ఇంజిను చల్లారితేనే కదులుతోందని కేశవప్ప వాదన. తాను నిమ్మకాయ తిప్పి మొక్కుకోబట్టే కదులుతోందని మునిలక్ష్మమ్మ నమ్మకం. అందుకే బండి ఆగిన కొద్దీ ఆమె శుక్రవారం పసుపు మందం పెంచుతూ వచ్చింది.

ఈలోగా ఊళ్లో రైతుల ఓపిక అయిపోయింది. కొత్తిమీర వేసే శేషప్ప ఒక సాయంత్రం ఇంటికే వచ్చాడు.

"నీ మీద కోపం లేదప్పా కేశవప్పా. వాడిపోయిన కొత్తిమీర మార్కెట్లో ఎవురు తీసుకుంటారు చెప్పు? రేపు గూడా దోవలో ఆగిందంటే, ఎల్లుండి నుంచి మేమంతా నరేష్ బండికి ఏస్తాము."

లోడు లేకపోతే బండి ఎందుకు? కేశవప్ప అప్పటికే హోసూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ పని అడిగి వచ్చాడు. స్టీరింగు పట్టుకున్న మనిషి కర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడడం మునిలక్ష్మమ్మ ఊహించుకోలేకపోయింది. నెలరోజులుగా వస్తున్నట్టే మర్నాడు పొద్దునా తను బండెక్కింది. దారి పొడవునా పెదాలు కదుపుతూనే ఉంది.

గురుబరపల్లి ఇంకా కూతవేటు దూరం ఉండగా బండి దగ్గింది. ఆగింది.

కేశవప్ప దిగి డీజిల్ ట్యాంకు వైపు నడిచాడు. డీజిల్ చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి, ఆగినప్పుడల్లా మూత తీసి పుల్ల ముంచి చూడడం అతని అలవాటు.

"ఏదీ ముట్టుకోవద్దప్పా!"

రోడ్డు పక్క షెడ్డులోంచి ముత్తప్ప మోకాళ్లు పట్టుకుంటూ వస్తున్నాడు. ఒకప్పుడు లారీలు బాగుచేసిన ముసలాయన. ఒక బోల్టు విప్పడానికి ఒక పూట పడుతుందని కేశవప్పే ఆయన్ని వెక్కిరించేవాడు. అందుకే ఇన్నాళ్లూ ఆయన గడప తొక్కలేదు.

"నెల దినాలుగా ఈడ కూర్చొని చూస్తా ఉండాను" అన్నాడు ముత్తప్ప. "బండి ఆగుతుంది. మీరిద్దరూ దిగి ఏమేమో చేస్తారు. పోతుంది. మీరు చేసే దాంట్లోనే ఏదో ఒకటి దానికి మందు. ఏదో తెలుసుకుందాము. ముందర నీ మొక్కు కానీమ్మా."

మునిలక్ష్మమ్మ నిమ్మకాయ తిప్పింది. ముత్తప్ప తాళం తిప్పాడు. ఇంజిను మూలిగింది తప్ప అందుకోలేదు.

"సరే. ఇప్పుడు చల్లారనీ."

అరగంట అంటే అరగంటే కూర్చోబెట్టాడు మహానుభావుడు. వెనక కొత్తిమీర కట్టలు తలలు వాలుస్తున్నాయి. మునిలక్ష్మమ్మ బిందెలో నీళ్లు చిలకరిస్తూ, పైకి అనలేక లోపలే ముత్తప్పని తిట్టుకుంది. అరగంట తర్వాత బానెట్టు మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. తాళం తిప్పాడు. లేదు. కేశవప్ప వాదన కూడా గాలికి పోయింది.

"ఆగినప్పుడు ఇంకేం చేస్తావప్పా?" అని కేశవప్పని అడిగాడు ముత్తప్ప.

"ఏమీ లేదన్నా. మూత తీసి డీజిల్ చూస్తాను, అంతే."

"అయితే అది చెయ్యి."

మూత వదులు కాగానే ట్యాంకు బుస్సుమని గాలి లోపలికి లాక్కుంది. ముగ్గురూ విన్నారు. ఈసారి తాళం తిప్పితే ఇంజిను రెండు మూలుగులు మూలిగి అందుకుంది.

ముత్తప్ప మూతని వెలుతురులో పెట్టి గోటితో గీకాడు. పచ్చటి పెచ్చు ఊడి వచ్చింది.

"డీజిల్ తగ్గే కొద్దీ ఆ జాగాలోకి గాలి పోవల్ల. దానికని ఈడ సూది బెజ్జం ఉంటుంది. అది మూసుకొనిపోయింది. గాలి లేక బండికి ఊపిరి ఆడలేదు."

ఆ పచ్చటి పెచ్చునీ, మునిలక్ష్మమ్మ పసుపు వేళ్లనీ ఎవరైనా చూడగలరు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా చేత్తో నేనే గొంతు పిసికినాను కదన్నా" అంది ఆమె. "బండి అన్నం తినే నోటికి పసుపు పెట్టకపోతే ఎట్ల అనుకొన్నాను."

"ప్రేమతో చేసినావు, దానికి ఏడుస్తారా? నాకు జ్వరం వస్తే మా ఇంటామె నాలుగు దుప్పట్లు కప్పేది. గాలాడక నేను తన్నుకొంటా ఉంటే, జ్వరం ఎక్కువయిందని ఐదోది తెచ్చేది. నీ గాజుకుండే పిన్నీసు ఇట్లియ్యి."

ఆమె పిన్నీసుతోనే ఆ బెజ్జం తెరిచాడు. నోటితో ఊదాడు. మూత ఆమె చేతిలోనే పెట్టి, నువ్వే బిగించు అన్నాడు. ఇంతసేపూ తిట్టుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది. మూత బిగించి ఆయనకి రెండు చేతులూ జోడించింది.

"నా ఇల్లు నిలబెట్టినావన్నా" అంది.

బండి హోసూరు దాకా ఆగలేదు. మార్కెట్టు పలచబడక ముందే కొత్తిమీర దిగిపోయింది. మర్నాడు శేషప్ప ఏమీ అనకుండా తన కట్టలు తెచ్చి ఇదే బండిలో వేశాడు. ఫ్యాక్టరీ గేటు సంగతి కేశవప్ప మళ్లీ ఎత్తలేదు.

శుక్రవారం మునిలక్ష్మమ్మ మూతకి అంచు చుట్టూ మాత్రమే పసుపు రాసి, బెజ్జంలోకి మూడుసార్లు ఊదింది. తర్వాత మిగిలిన పసుపు గిన్నె కొంగు చాటున పెట్టుకుని బండెక్కింది. గురుబరపల్లి దగ్గర బండి ఆగింది, ఈసారి ఆమె ఆపమంటే ఆగింది.

షెడ్డులో ముత్తప్ప పనిముట్ల పెట్టె తుప్పు పట్టి మూలన పడి ఉంది. ఆమె ఎవరినీ అడగలేదు. కింద కూర్చుని పెట్టెని తుడిచి, మూత మీద పసుపు రాయడం మొదలుపెట్టింది. ఇల్లాలు పోయిన ఏడేళ్లలో ఆ పెట్టెకి పసుపు తగలడం అదే మొదలు. ముత్తప్ప చేతిలో స్పానరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సగం రాశాక ఆమె చెయ్యి గాలిలో ఆగింది.

"అన్నా, దీనికి యాడన్నా బెజ్జం ఉందా?"

ముత్తప్ప నవ్వాడు. నవ్వుతూనే భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"దాన్నిండా తుప్పు బెజ్జాలే తల్లీ. అన్నీ మూసెయ్యి."