సోఫాకు వేపనూనె

మా ఆయన వెంకటనారాయణ దమ్మపేటలో పదెకరాల మామిడితోటకు యజమాని, ఒక ముఖమల్ సోఫాకు బానిస. ఎనభై ఆరు వేసవిలో కాయ దిగిపోగానే ఖమ్మం వెళ్ళి ఆ ఎర్ర సోఫా కొని, లారీలో వేయించుకొచ్చాడు. హాల్లో కిటికీ పక్కన మా అత్తగారు రాఘవమ్మ నులక మంచం ఉండేది. దాన్ని ఎత్తించి వెనక వసారాలో వేయించి, ఆ చోట్లోనే సోఫాను ప్రతిష్ఠించాడు. మంచంతోపాటే అత్తగారూ వసారాలోకి వెళ్ళారు. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. అది నా తప్పే.

మా పిల్లి చుక్కి మాత్రం పగలంతా ఆ కిటికీలోనే పడుకునేది. సాయంత్రమైతే వసారాలో అత్తగారి పక్కన చేరేది. అక్కడ ఆవిడకు తోడంటూ ఉన్నది ఆ పిల్లి ఒక్కటే. నాలుగు రోజులు తిరిగేసరికి చుక్కి గోళ్ళకు సోఫా చెయ్యి పీచులు పీచులుగా లేచింది.

"దీన్ని మాన్పిచ్చే మందు నాకు ఎరుకే" అన్నాడు మా ఆయన.

మా వైపు చంటిపిల్లలకు పాలు మాన్పించాలంటే తల్లి రొమ్ముకు వేపనూనె రాసుకుంటుంది. ఆ వైద్యమే ఈయన సోఫా చేతికి చేశాడు. చుక్కి ఓసారి తుమ్మి, నూనె లేని రెండో చేతి మీద పడింది. దాంతో పట్టుదలకు పోయి సోఫా అంతా పూశాడు. ఇక ఇంటిల్లిపాదీ నిలబడే కబుర్లు చెప్పుకున్నాం.

మర్నాడు మా అన్నయ్య వెంకటరామారావు సత్తుపల్లి నుంచి తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. ఎవరూ వద్దనేలోపే సోఫాలో కూర్చున్నాడు. లేచాక పంచె వెనక తడుముకుని, చెయ్యి వాసన చూసుకున్నాడు.

"ఏంది బావా, సోఫాకు పాలు మాన్పిస్తున్నవా?"

నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. ఆ నవ్వుతోనే పని చెడింది.

"రేపు పొద్దుగాల వెదురు లారీ భద్రాచలం అడవికి పోతది. ఈ పిల్లిని అండ్లనే పంపిస్త" అని మా ఆయన తీర్పు చెప్పేశాడు.

"అది పోతే నాతోని మాట్లాడేదెవరురా?" అన్నారు అత్తగారు. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

పొద్దున్నే ఆయన చుక్కిని గోనెసంచిలో వేసి మూతి కడుతుంటే, పశువుల కొట్టం ఊడ్చడానికి వచ్చిన తండా సోమ్లి చూసింది.

"అది పొగరుతోని చేస్తలేదు అయ్యా. నిద్ర లేవంగనే ఒళ్ళు విరుచుకొని గోళ్ళు గీకుతది. మీరు లేవంగనే వేపపుల్ల పట్టరా, గట్లనే. అమ్మ మంచం కోడు చూడుండ్రి, ఎన్నేండ్ల గీతలో! మంచం తీసి ఆ జాగల సోఫా పెడితిరి. ఇంక అది దేన్ని గీకాలె?"

మా ఆయన వెళ్ళి చూశాడు. తలవైపు కోడు నిండా గీతలే. "ఒక్కదినం చూద్దాం" అని సంచి మూతి విప్పాడు. మంచం తెచ్చి కిటికీ పక్కన వేశాం. సోఫాను సబ్బునీళ్ళతో తుడిచి ఎదురుగోడకు జరిపాం. మధ్యాహ్నం చుక్కి కునుకు తీసి లేచింది. ఒళ్ళు విరుచుకుని తిన్నగా మంచం కోడు దగ్గరికి పోయి, తనివితీరా గీకింది. సోఫా వంకైనా చూడలేదు.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే మంచం ఈడనే ఉండనీ. అమ్మకు వసారాలకు కొత్త మడతమంచం తెస్త."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పిల్లికి హాలు, అమ్మకు వసారానా? పోయి ఆ మాట ఆమెతోనే చెప్పుండ్రి!"

ఆయన నా వంక చూశాడు, మంచం వంక చూశాడు. నిజం చెప్పాలంటే ఆ మనిషికి అప్పటిదాకా ఆ సంగతి తట్టనే లేదు. మెల్లగా వసారాలోకి నడిచాడు. అత్తగారు చాప మీద కూర్చుని ఉన్నారు.

"లోపలికి రా అమ్మా. నీ మంచం నీ జాగలనే వేసినం."

ఆవిడ కొడుకు భుజం పట్టుకుని లేచారు. నవ్వుతూనే అన్నారు.

"పిల్లి కోసమైనా పిలిచినవ్‌రా నాయనా."

మా ఆయన తల్లి చెయ్యి పట్టుకుని, అడుగులో అడుగేస్తూ తీసుకొచ్చాడు.