పక్షి ముట్టని విస్తరి

పెట్టె మూత తీయనివ్వలేదు. నాగమల్లేశ్వరి మనసు అక్కడే ఆగిపోయింది.

గన్నవరం విమానాశ్రయంలో ఆమె కొడుకు శివాజీని చెక్కపెట్టెలో అప్పగించారు. లోపల రేకుపెట్టె ఉందని, తెరవకూడదని చెప్పారు. పైన పేరు ఏ దేశపు అక్షరాలతోనో రాసి ఉంది. "ఒక్కసారి మొహం చూపించండయ్యా" అని ఆమె అడిగితే, తమ్ముడు జానకిరామ్ భుజం పట్టి వెనక్కి లాగాడు. "వద్దక్కా, చూడలేవు. తీస్తే కేసవుద్ది కూడా."

మూతతోనే తెచ్చారు, మూతతోనే పూడ్చారు. ఆమె ఏడవలేదు. లోపలున్నది తన బిడ్డో, ఇంకో తల్లి బిడ్డో తేలకుండా ఎట్లా ఏడుస్తుంది?

శివాజీ పడవలో పెరిగినవాడు. ఏట్లో చేప తగ్గాక కొండపల్లి కరెంటు ప్లాంటులో బొగ్గు దించే పనికి చేరాడు. బొగ్గు పని తెలిసినవాడికి రష్యాలో రాజా బతుకని ఆశపెట్టింది మేనమామ జానకిరామే. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పైన అతనికి పై దేశాలకు మనుషుల్ని పంపే ఆఫీసుంది. అలా వెళ్ళి రెండేళ్ళు గనిలోకి దిగాడు శివాజీ. ఫోనులో కనబడితే నెత్తిన లైటు, పళ్ళు తప్ప ఒళ్ళంతా నలుపు. "పైన మంచుకి చస్తన్నామే అమ్మా. కిందకి దిగితే మన రోహిణీ కార్తె" అని నవ్వేవాడు.

తర్వాత గని మూతపడింది, వీసా అయిపోయింది. సైన్యంలో సామాన్లు మోసే పని ఉందని, సంతకం పెడితే వీసా సంగతి వాళ్ళే చూసుకుంటారని ఎవరో చెప్పారు. పెట్టనా అని శివాజీ మామయ్యనే అడిగాడు. "ఆలోచిస్తా కూర్చోకు, పెట్టెయ్" అన్నాడు జానకిరామ్. సామాన్లు మోయించలేదు. తుపాకీ పట్టుకోవడం నేర్పి యుద్ధంలోకి తోశారు. "ఇక్కడా గోతిలోనే ఉన్నానమ్మా. కాకపోతే ఈ గోతిమీద బాంబులు పడతాయి." ఆ తర్వాత ఫోను రాలేదు. పెట్టె వచ్చింది.

పెద్దకర్మ నాడు కృష్ణ రేవులో పక్షికి పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకై వచ్చి తింటాడంటారు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, అయినవాళ్ళు ఒక్కొక్కరే మాటిచ్చి బతిమాలతారు. ఆ రోజు పొయ్యి దగ్గరకు ఎవర్నీ రానివ్వలేదు నాగమల్లేశ్వరి.

విస్తట్లోకి చూసి భర్త రాముడు నివ్వెరపోయాడు. "ఏందే ఇది? పొట్లకాయ వాసనొస్తేనే కంచం ముందునించి లేచిపోయేవాడు గదే!"

"నాకు తెలుసు. నువ్వూరుకో."

తెలిసే వండింది. కాకి ఇది తిన్నదంటే వచ్చింది శివాజీ కాదు, పెట్టెలో ఉన్నదీ శివాజీ కాదు. వాడు ఎక్కడో బతికే ఉన్నాడు. తినకపోతే? అంతకుమించి ఆలోచించలేదు. అయినా ఇంకో గిన్నె సంచిలో దాచి తెచ్చుకుంది.

కాకి వచ్చింది. విస్తరి చుట్టూ నడిచింది, మెడ వంచి చూసింది, ఎగిరిపోయి పడవ అంచున కూర్చుంది.

"బతికున్నప్పుడూ ఇంతేగా" అంది మేనత్త పోలేరమ్మ. "పదిసార్లు అరిస్తేగానీ అన్నానికొచ్చేవాడా సచ్చినోడు!" అని, అన్నమాటకు తనే నోరు నొక్కుకుంది.

రాముడు చేతులు జోడించాడు. "నీ వలలు అమ్మన్రా అయ్యా. రా."

కాకి మళ్ళీ దిగింది. అందరూ తినమని వేడుకుంటున్నారు. నాగమల్లేశ్వరి కూడా లోపల అదే వేడుకుంటోంది. తిను. నువ్వెవరివైనా సరే, నా కొడుకువి మాత్రం కాకు. తిను.

కాకి కూర దగ్గరకు ముక్కు తెచ్చి వెనక్కి గెంతింది. అన్నం మెతుకు కూడా ముట్టలేదు. అచ్చం వాడే. కూర తగిలిన అన్నం కూడా వద్దని విసురుగా లేచిపోయేవాడు.

ఆమె ఇంకాసేపు చూసింది. ఇక చూడలేకపోయింది. వచ్చింది వాడే అయితే, ఆకలితో కూర్చున్నాడు.

లేచి, ఆ విస్తరిని పక్కకు జరిపి ఇంకోటి వేసింది. సంచిలోంచి గిన్నె తీసి అన్నంలో వాడికి ప్రాణమైన కొరమీను పులుసు పోసింది.

సరిగ్గా అప్పుడే జానకిరామ్ కండువా సర్దుకుని ముందుకొచ్చాడు. "ఒరే అల్లుడూ! వీరుడిలా పోయావురా. ఈ రేవులోనే నీ విగ్రహం పెట్టిస్తా. మిలటరీ డ్రస్సు, చేతిలో తుపాకీ. మాటిస్తున్నా!"

కాకి దిగి ముక్క అందుకుంది. వెంట ఇంకో రెండు వాలాయి.

"మేనమామ మాటకొచ్చాడ్రా!" అన్నారెవరో. జానకిరామ్ కళ్ళు తుడుచుకున్నాడు. "చూశావా అక్కా? వాడికి అదే మిగిలిపోయింది."

అప్పుడు ఏడ్చింది నాగమల్లేశ్వరి. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, పక్కన పెట్టిన పొట్లకాయ విస్తరి రెండు చేతులా ఎత్తి తెచ్చి తమ్ముడి కాళ్ళముందు పెట్టింది.

"కూర్చోరా."

"ఇదేంటక్కా... పక్షి ముట్టని కూడు!"

"పడదని తెలిసే వాడికి పెట్టాను. వాడు ముట్టలేదు. నేను పెట్టింది గనక వద్దనగలిగాడు. నువ్వు పెట్టమన్న సంతకం వద్దనలేకపోయాడు. ఇది నువ్వు తిను."

జానకిరామ్ రాముడి వైపు చూశాడు. రాముడు ఏటి వైపు చూస్తున్నాడు. జానకిరామ్ విస్తరి ముందు కూర్చున్నాడు. కాకులు మాత్రం ముళ్ళు వదిలి పులుసన్నం తింటూనే ఉన్నాయి.