బాగుంది అనొద్దు

ముప్పై ఏళ్ళ దర్జీ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. ట్రయల్‌కి వచ్చినవాడు అద్దం ముందు నిలబడి "బాగుంది" అన్నాడంటే ఆ చొక్కా వారంలో తిరిగొస్తుంది. నా ముందు మొహమాటపడతాడు. ఇంటికెళ్ళాక పెళ్ళాం "ఇదేంటి, గోనెసంచిలా ఉంది" అనగానే మొహమాటం పోయి కోపం నా మీదికొస్తుంది. అందుకే బాగుందా అని నేను ఎవర్నీ అడగను. చెయ్యి పైకెత్తమంటాను, కూచుని లేవమంటాను. కాలరు దగ్గరికి వేలు ఎన్నిసార్లు పోతోందో చూస్తాను. అయినా ఇప్పుడు ట్రయల్‌కి వచ్చేదెవరు? అందరివీ కొన్న ప్యాంట్లే. ఎవడో కుట్టినదానికి కాళ్ళు పొట్టి చేసే పని నాకు మిగిలింది. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఇదే ఎక్కువ అని మా బావ ఇంటికొచ్చినప్పుడల్లా గుర్తుచేస్తుంటాడు.

మా చెల్లెలి కూతురికి ఇరవై ఆరేళ్ళొచ్చినా ఇంట్లో అందరం బుడంకాయ అనే పిలుస్తాం. అది కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేస్తుంది. మొత్తం ఆరుగురు మనుషులు. ఆటలో కనిపించేవాళ్ళు మాట్లాడే మాటలు రాయడం దాని ఉద్యోగం. మాటలకు జీతమిస్తారా అని నేను ఆశ్చర్యపోయాను. మాట్లాడినందుకు నాకు రెండు చోట్ల ఉన్న పని ఊడింది.

ఒక మంగళవారం అది షాపుకొచ్చింది.

"మావయ్యా, గురువారం పొద్దున మా ఆఫీసుకి రావాలి. రెండు ఆటలు ఆడాలి."

"నేనా? నాకు ఫోన్లో అలారం పెట్టుకోవడమే రాదు."

"రానివాళ్ళే కావాలి. ఒకటి మాది, ఇంకోటి పోటీవాళ్ళది. రెండూ ఒకే రకం. నువ్వో వేషం ఎంచుకుంటావు. ఆ మనిషిలా ఊళ్ళు తిరుగుతావు, ఎదురైనవాళ్ళతో మాట్లాడతావు, ఎటు పోవాలో నువ్వే తేల్చుకుంటావు. ఏది మాదో చెప్పను. నీకేమనిపించిందో చెప్పు, చాలు. నా మొహం చూసి మాత్రం చెప్పకు."

"నీ మొహం చూసి ఎవడు చెప్తాడే?"

బుధవారం సాయంత్రం మా చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, దాని భాగం ఆటలోంచి తీసేస్తారట. రేవు దగ్గర ఎవరో ముసలమ్మట. ఎనిమిది నెలలు కూచుని రాసింది పిచ్చిమొద్దు. రేపు మధ్యాహ్నం తేలుస్తారట. నువ్వెళ్ళి అదే బాగుందని చెప్పి రా."

"నా మాట ఎవరు వింటారు?"

"జన్మకోసారి ఒకళ్ళని మెచ్చుకో. నోరేం అరిగిపోదు."

ఆ ఆఫీసులో గది చిన్నది. బల్ల మీద రెండు స్క్రీన్లు, ఒక చక్రాల కుర్చీ, నా మొహానికి గురిపెట్టిన కెమెరా. వాళ్ళ హెడ్డు పొట్టి జుట్టు, కళ్ళజోడు ఉన్న మనిషి. ముప్పై దాటి ఉంటాయేమో. ఆవిడ నోట్‌బుక్కుతో నా పక్కన కూచుంది. నోరెత్తకూడదన్న షరతు మీద బుడంకాయని తలుపు దగ్గర స్టూలు మీద కూచోబెట్టారు.

"ఏదైనా నొక్కితే పాడవుతుందేమో" అన్నాను.

"పాడుచెయ్యండి. ఎక్కడ పాడవుతుందో తెలిస్తే మాకే మంచిది" అంది ఆవిడ.

ఆ మాట నచ్చింది. నచ్చినట్టు పైకి కనబడనివ్వలేదు.

మొదటి ఆట "నువ్వెవరు?" అని అడిగింది. వీరుడు, వైద్యుడు, దొంగ, వర్తకుడు.

"దర్జీ లేడా? మరి మీ వీరుడి బట్టలెవడు కుట్టాడు?"

హెడ్డు నవ్వి అది కూడా రాసుకుంది. నేను దొంగను తీసుకున్నాను. రెండో ఆటలోనూ దొంగనే తీసుకున్నాను. రెండు కత్తెరల్ని పోల్చాలంటే ఒకే గుడ్డ మీద కోసి చూడాలి కదా.

మొదటి ఆటలో బంగారు రంగు బాణం దారి చూపించింది. అది చూపించిన చోటికల్లా పోయాను, రెండు తోడేళ్ళను కొట్టాను, సంచీ నిండింది. నది అడ్డం వస్తే వంతెన తళతళ మెరిసింది. దాటేశాను. గంట ఇట్టే గడిచిపోయింది. నిజం చెప్పొద్దూ, సరదాగానే ఉంది.

రెండో ఆటలోనూ నది వచ్చింది. వంతెన లేదు. రేవులో ఒక పడవ, దాని అంచున వల బాగుచేసుకుంటూ ముసలమ్మ. ఓహో, ఇదే మన బుడంకాయది అనుకున్నాను.

"ఎవరు నువ్వు?" అంది ముసలమ్మ. కింద మూడు జవాబులు కనిపించాయి. వర్తకుణ్ణి అన్నది నొక్కాను.

"వర్తకుడివైతే చేతులు వెనక్కి దాచుకున్నావేం?"

ఉలిక్కిపడ్డాను. నా చేతులు బల్ల మీదే ఉన్నాయి, అయినా ఒకసారి చూసుకున్నాను. మరి నిజం చెబితే ఏమంటుందో? వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టి, దొంగని అన్నాను.

"అయితే నా ఎదురుగా కూచో. వీపు వెనక కూచోకు."

అసలు పలక్కపోతే? అదీ చేసి చూశాను.

"పలకవా? సరే. నది కూడా పలకదు, దాంతోనే బతుకుతున్నా."

ఇంత వయసొచ్చి ఒక బొమ్మతో ఇలా వాదిస్తున్నానేమిటి అనిపించింది. అనిపించినా మానలేదు. ఆ తర్వాత ఆవిడ ఎప్పటిదో వరద కథ మొదలుపెట్టి, పొడుగ్గా చెప్పి, చివర "పద, ఎక్కు" అంది.

పడవ కదల్లేదు. ముందు నొక్కాను, వెనక నొక్కాను. ఏం చెయ్యాలో అడుగుదామని ముసలమ్మ దగ్గరికి పోతే వరద కథ మళ్ళీ మొదటినుంచి అందుకుంది. ఇంకోసారి పోయాను, ఇంకోసారి వరద. చివరికెప్పటికో గట్టు మీద గూటానికి కట్టిన తాడు కంటబడింది. విప్పాను, పడవ కదిలింది, ఈలోగా టైమైపోయింది.

"చెప్పండి" అంది హెడ్డు.

"రెండోదే బాగుందండీ. పదికి పది."

తలుపు దగ్గర్నుంచి బుడంకాయ షరతు మర్చిపోయి అడిగేసింది. "అమ్మ ఫోన్ చేసిందా?"

హెడ్డు పెన్ను కింద పెట్టింది. కెమెరా తీసిన నా వీడియోని స్క్రీన్ మీద వేసింది. వరద కథ నడుస్తుంటే నేను మౌస్ వదిలేసి గోళ్ళు చూసుకుంటున్నాను. కాసేపటికి ఫ్యాను చూస్తున్నాను. కొలిచేవాణ్ణి నేను, ఈసారి కొలత నాకే తీశారు.

"మీకు ముందు నలుగురు ఆడారండీ. నలుగురూ రేవు దగ్గరే ఆపేసి 'సుత్తి' అని రాసిచ్చి పోయారు. మీరేమో బాగుందంటున్నారు. నాలుగు సుత్తులు, ఒక బాగుంది. వీటితో నేనేం తేల్చను? తీసేస్తాను, అంతే."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో సరిగ్గా తెలియలేదు.

"ఏది సుత్తో అడిగారా? చొక్కా బాలేదని ఒకడు విసిరికొడితే, చంక పట్టిందా, కాలరు ఒరుసుకుందా అని అడగొద్దూ? చంక పడితే కాలరు కోసేస్తారా? వాళ్ళ మొహాలు కూడా తీశారుగా. వెయ్యండి, చూద్దాం."

వేసింది. చేతులు వెనక్కి దాచుకున్న మాట దగ్గర నలుగురూ నవ్వారు. ఒకావిడైతే నాలాగే చేతులు చూసుకుంది. నలుగురూ పడవ దగ్గరికెళ్ళారు, వెనక్కొచ్చారు, వరద విన్నారు, మళ్ళీ వెళ్ళారు. తాడు ఒక్కరికీ కనబడలేదు. మూడో వరదకి కుర్చీ ఖాళీ.

"మట్టిరంగు గుడ్డ మీద మట్టిరంగు దారం ఆ తాడు" అన్నాను. "ముప్పై ఏళ్ళు కుట్లు విప్పినవాడికే చప్పున కనబళ్ళేదు."

"మరి మొదటి ఆటలో నది?" అంది హెడ్డు.

"హాయిగా దాటాను."

"వంతెన దగ్గర ఎవరున్నారు?"

ఆలోచించాను. "ఎవడో టోపీవాడు."

"ఏమన్నాడు?"

"ఏమన్నాడో! వాడి మాట వినేలోపు బాణం నన్ను లాక్కుపోయింది. ఈ ముసలమ్మ అన్న మాటలు మాత్రం మూడూ ఇప్పుడు చెప్పమంటే చెప్తాను."

"చూశావా అక్కా! ముసలమ్మ తప్పేం లేదు" అంది బుడంకాయ హెడ్డుతో, స్టూలు మీంచి లేచి.

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. మా చెల్లెలు సంతోషించేది.

"ఆవిడ తప్పూ ఉందే. దారి అడిగినవాడికి మళ్ళీ మళ్ళీ అదే వరద చెబితే ఎలా? మూడోసారికి నాకావిణ్ణి నదిలోకి తోసెయ్యాలనిపించింది. మొదటిసారి కూడా ఎక్కువే. మొగుడు తలుపు చెక్క నెత్తిన పెట్టుకుని ఈదాడు అన్న దగ్గర నోరు తెరుచుకుని విన్నాను. ఆ తర్వాత నా కన్ను పడవ మీదికి పోయింది."

"ఆ తర్వాతదే నేను రాసినవాటిల్లోకెల్లా మంచిది, మావయ్యా."

"కావచ్చు. నేను వినలేదు."

దాని మొహం చిన్నబోయింది. హెడ్డు నోట్‌బుక్కులో రాసుకుని దాని వైపు తిరిగింది.

"తీసెయ్యం. తాడు రంగు ఇప్పుడే మార్పిస్తా. వరద సంగతి నువ్వే చూడు."

బుడంకాయ నన్ను కుర్చీలోంచి లేపి తను కూచుంది. తలుపు చెక్క తర్వాత ఉన్న పదకొండు లైన్లు ఒక్కొక్కటే చదువుతూ చెరిపేసింది. రెండింటి దగ్గర చాలాసేపు ఆగింది. చివరి "పద, ఎక్కు"ని "తాడు విప్పి ఎక్కు" అని మార్చింది. నేను కిటికీ వైపు చూశాను. ఎనిమిది నెలల పని అలా పోతుంటే నాకేం సరదాగా లేదు.

"మరి మళ్ళీ అడిగినవాడికి ఏం చెప్తుంది?" అంది, ఎవరినీ కాదు. కాసేపు బుగ్గ గోక్కుని టైపు చేసింది: *చెప్పానుగా, తాడు విప్పమని. ఆ చెవులు కూడా కొట్టుకొచ్చినవేనా?*

నేను పైకే నవ్వేశాను.

తాడు తెల్లబడ్డాక నన్ను మళ్ళీ కూచోబెట్టారు. విప్పాను. పడవ నది నడుమ దాకా వెళ్ళి పొగమంచులో ఆగిపోయింది.

"ఇదేంటి, మళ్ళీ ఎక్కడ ముడిపడింది?"

"ముడి కాదండీ" అంది హెడ్డు. "ఈ భాగం ఉంటుందో ఊడుతుందో తెలియక అవతలి ఒడ్డు ఇంకా చెయ్యలేదు."

బుడంకాయ స్టూలు నా పక్కకి లాక్కుంది. "ఏముండాలంటావు, మావయ్యా?"

"నాకేం తెలుసే? చెయ్యి, ఆడి చెప్తాను" అన్నాను. షాపు తెరవాల్సిన వేళ దాటిపోయింది. అయినా లేవలేదు. ఆ పొగమంచులో ఎడమ పక్కన ఏదో నల్లగా ఉన్నట్టు తోచి, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాను.