కొక్కిరాయి గొణుగుడు

డబ్బింగ్ స్టూడియో నుంచి ఉదయ్ భాస్కర్ బొల్లారంలోని మా ఇంటికి వచ్చాడు. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, చాలా మర్యాదగా మావారి గొంతు అడిగాడు.

మావారు హరికిషన్ ఆషాఢంలో పోయారు. తెలుగులో కొక్కిరాయికి మొదటి నుంచీ ఆయనే గొంతు. కొక్కిరాయి అంటే గొడుగు పట్టుకుని తిరిగే కార్టూన్ కొంగ. విదేశంలో పుట్టింది. నలుపు తెలుపు రోజుల్లో అసలు సినిమాకు ముందు కాసేపు వేసేవారట. అప్పుడు దానికి మాటల్లేవు. మొసలిని గొడుగుతో పొడిచి పారిపోవడమే పని. రంగులొచ్చాక మెడకు ఎర్ర మఫ్లర్ వచ్చింది. టీవీకి చేరేసరికి ఖర్చు తగ్గించారు. గీసే పని తప్పుతుందని కాళ్లను చెరువులో ముంచేశారు. ముక్కు కదిలించనక్కర్లేకుండా సగం సేపు మనకు వీపు పెట్టి నిలబెట్టారు.

ఆ వీపు మావారికి దొరికింది. ముక్కు కనబడనప్పుడు మాట కలిసిందా లేదా అని అడిగేవారుండరు. స్క్రిప్టులో లేని గొణుగుడంతా అక్కడ దూర్చేవారు. "ఏందే పంతులమ్మా, ఇయ్యాల సుత బీరకాయేనా?" అని ఆదివారం కొంగ గొణిగితే, సోమవారం క్లాసులో ఎవరో ఒకరు లేచి, "టీచర్, మీ ఇంట్ల బీరకాయ అయిపోయిందా?" అని అడిగేవారు. నేను బోర్డు వైపు తిరిగి తేదీ రాసేదాన్ని.

ఇప్పుడు కొక్కిరాయితో పెద్ద సినిమా తీస్తున్నారు. పాత ఎపిసోడ్లన్నీ కంప్యూటర్‌కు వినిపించి, ఆయన గొంతుతోనే కొత్త మాటలు పలికిస్తారట. నేను సరేనంటే చాలు. ఆ గొంతు మళ్లీ వినాలని నాకూ ఉంది. వినలేనేమో అని కూడా ఉంది. వినిపించమన్నాను.

తెర మీద కొంగ మొసలికి ఎదురుగా నిలబడింది.

"నా ప్రాణం ఉన్నంత వరకు ఈ చెరువును కాపాడతాను!" అంది మావారి గొంతుతో.

నేను బల్ల అంచు పట్టుకున్నాను. కొంగ ఊపిరి తీసుకుంది.

"చాయ్‌ల జెర చక్కెర ఎయ్యరాదే, చేతులు అరుగుతయా?"

మొసలి చలించలేదు. ఉదయ్ భాస్కర్ ముఖం ఎర్రబడింది. చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తమ్మ విజయమ్మ ఒక్కసారిగా నవ్వారు.

"గీడే నా కొడుకు! ముందుగాల మాట్లాడినోడెవడో నాకెర్కలే."

"అదేనండీ మా ఇబ్బంది," అన్నాడు ఉదయ్ భాస్కర్. "కాస్త గ్యాప్ దొరికితే చాలు, ఏఐ ఇలాంటివి కలిపేస్తోంది. పాత స్క్రిప్టులు పోయాయి. సార్ తిట్టేది మొసలినో, మిమ్మల్నో... మాది తెనాలి కదండీ, ఆ స్పీడుకి అందడం లేదు. పాత ఎపిసోడ్లు మీరే విని చెప్పాలి. ఉంచాల్సిన చోట పచ్చ బటన్, తీసేయాల్సిన చోట ఎర్ర బటన్. శుభ్రం చేస్తేనే సినిమాలో సార్ గొంతు ఉంటుంది."

"గొణుగుడంతా పోతుందా?"

"పిల్లల సినిమా కదండీ."

ల్యాప్‌టాప్ మా ఇంట్లోనే వదిలి వెళ్లాడు. రోజూ బడి నుంచి రాగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. తప్పొప్పులు గుర్తించడం నాకు కొత్త కాదు. కొంగ చెరువును కాపాడిన ప్రతి చోటా ఎర్ర బటన్ నొక్కాను. ధైర్యం, స్నేహం, నిజాయితీ గురించి చక్కటి వాక్యాలు, వ్యాకరణంలో వంక పెట్టలేనివి, అన్నీ తీసేశాను. ఉప్పు మరిచిన పప్పుకూ, నా గురకకూ, అత్తమ్మ పెట్టే టీవీ సౌండుకూ పచ్చ బటన్ నొక్కాను. మొదటిసారి వేలు కాసేపు ఆగింది. తర్వాత ఆగలేదు.

వారం తర్వాత ఉదయ్ భాస్కర్ వచ్చి ల్యాప్‌టాప్ తీసుకెళ్లాడు. నా గుర్తుల ప్రకారం కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించి తెచ్చినప్పుడు అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. బల్ల మీద పెట్టి కొంగ వీడియో నడిపించాడు.

"నా ప్రాణం ఉన్నంత వరకు ఈ చెరువును కాపాడతాను," అంది కొంగ. సెలవు రోజున నిద్ర లేపి పిండి మరకు పంపితే మనిషి ఎలా అంటాడో అలా అంది. ఆగకుండా, "ఈ ఇంట్ల నా దువ్వెన నాకు దొర్కదు," అని కూడా అంది.

"మేడమ్, బటన్లు తారుమారు అయ్యాయేమో."

"లేదు. ఆయనవి ఉంచాను. కంపెనీవి తీసేశాను."

అతను తల గోక్కున్నాడు. "సినిమావాళ్లకు ఏం చెప్పనండీ?"

"కొంగకు వేరే గొంతు వెతుక్కోమనండి. ఇది మా ఇంటి మనిషిది."

అతను ల్యాప్‌టాప్ మూయబోతే అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టారు. "బంద్ చెయ్యకు బాబూ. ఇంకో ముచ్చట చెప్పనియ్."

కొంగ మాకు వీపు పెట్టి గొణిగింది. "ఎప్పుడు చూడు, కాపీలు దిద్దుడే. ఇంట్ల మొగుడొకడున్నడని యాదికున్నదా?"

"ఉంది," అన్నాను.

ఉదయ్ భాస్కర్ తల దించుకున్నాడు. అత్తమ్మ నా వైపు చూడలేదు, తెర వైపే చూస్తున్నారు.

"గట్టిగ చెప్పు బిడ్డా," అన్నారు. "వానికి ఒక్కసారి చెప్తె ఎన్నడన్న ఇనవడ్డదా?"