అమ్మకు ఒకటే వాక్యం

దేవేంద్రప్ప నోరు తెరిస్తే కర్నూలు జిల్లా అంతా కడుపు పట్టుకుని నవ్వేది. నాటకాలు తనే రాసేవాడు, తనే ఆడించేవాడు. హాస్యగాడి వేషం మాత్రం చచ్చినా ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. అట్లాంటి మనిషి, 1956లో తన జీవితచరిత్ర అచ్చు వేయించి, కడపలో టీచరుగా ఉన్న కూతురు కృష్ణవేణికి పోస్టులో పంపాడు.

ఆమెకు ఆ పుస్తకంలో కావలసింది ఒకటే. తల్లి పోయినప్పుడు తనకు రెండేళ్లు. అమ్మమ్మ వైపు వాళ్లందరినీ కలరా ఎత్తుకుపోయింది. పెంచిన మేనత్త అమ్మను పెళ్లిపందిట్లో చూసిందంతే. చెప్పాల్సింది తండ్రి ఒక్కడే. ఎప్పుడడిగినా ఏదో వేళాకోళం ఆడి తప్పించుకునేవాడు. చివరికి, "అంతా పుస్తకంలో రాస్తాండా, సదువుకుందువులే" అన్నాడు. ఆ మాట పట్టుకుని మూడేళ్లు కాచుకుంది.

తీరా చూస్తే పుస్తకం నిండా శాలువలు, పూలదండలు, అధ్యక్షత వహించిన పెద్దల పేర్లు. పైగా అంతా గ్రాంథికం. భుజించితిమి, పయనమైతిమి. "యాడికప్పా పోతాండావు" అనే ఒక్క ముక్కతో జనాన్ని దొర్లించినవాడు కాగితం మీద కొయ్యబారిపోయాడు. తొంభయ్యో పేజీలో దొరికింది: "ఆ వత్సరమున నా భార్య స్వర్గస్థురాలాయెను. పిదప బనగానపల్లెలో మాకు ఘనసన్మానము జరిగెను." అంతే. రామలక్ష్మమ్మ అన్న పేరైనా లేదు. కృష్ణవేణికి ఒళ్లు మండిపోయింది.

ఆదివారం బస్సెక్కి కర్నూలు వచ్చింది. దారిలో కోపం కొంచెం చల్లారింది. పెళ్లాం పేరు నోట పలకని కాలం మనిషి, పదిమంది చదివే పుస్తకంలో రాయడానికి సిగ్గుపడి ఉంటాడు, అడిగితే చెప్తాడులే అనుకుంది.

"పుస్తకం ఎట్లుండాది?" అన్నాడు దేవేంద్రప్ప, ఆమె చెప్పులైనా విడవకముందే.

"అమ్మ సంగతి రాసేకి సిగ్గయిందా నాయనా? పోనీలే, ఇప్పుడు నాకు చెప్పు. ఎట్ల మాట్లాడేది? ఎట్ల నవ్వేది?"

ఆయన ఏదో హాస్యం అందుకోబోయాడు. కూతురి మొహం చూసి మానుకున్నాడు.

"సిగ్గు కాదు తల్లీ. నాటకాలని ఊర్లు తిరుగుతా, పెండ్లయిన నాలుగేండ్లల్లో నేను ఇంట్లో ఉండింది మొత్తం ఆరు నెల్లు గూడా లేదు. వస్తి, తింటి, పండుకుంటి. ఆమె నవ్వంగ నేనెప్పుడూ సూడలేదు. రాద్దామని నెల దినాలు కూసుంటి. ఆ ఒక్క మాటే వచ్చె."

అమ్మను తండ్రి తన దగ్గరే దాచిపెట్టుకున్నాడని ఇన్నేళ్లూ కృష్ణవేణికి కోపం. దాచుకోవడానికి ఆయన దగ్గర కూడా ఏమీ లేదు.